గొంతు మీద రెండు వేళ్లు

మా అత్త పోయింది. రెండు వారాల కింద మంగళవారం, అరక్కోణం వైపు పోయే మొదటి బండి కూత వినబడకముందే పోయింది.

ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. బడిలో హెడ్మాస్టరుకు చెప్పాను, పాలాయనకు చెప్పాను, ఊత్తుకోట నుంచి దిగిన చుట్టాలకు చెప్పాను. చెప్పినప్పుడల్లా నా గొంతు మామూలుగానే ఉంది. ఎక్కడా వణకలేదు. ఏడుపు రాలేదు, ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. "కోడలు శానా గట్టిది" అని ఒకామె, "అత్తే గదా, కన్నతల్లా ఏమన్నా" అని ఇంకొకామె నా చెవిన పడేటట్టే అనుకున్నారు. అననీ. మామూలుగా అయితే ఊరుకునే దాన్ని కాదు. ఇప్పుడు పోట్లాడే ఓపిక కూడా లేదు. ఎక్కువసేపు ముడుచుకుని కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయే, మనిషంతా అట్లా ఉంది.

చదివే మీకెవరికీ ఆమె తెలియదు. పేరు చెప్పినా తెలియదు, అందుకని చెప్పడం లేదు. తిరుత్తణిలో మగ్గం నేసింది, చిన్న వయసులోనే మొగుణ్ని పోగొట్టుకుంది, ఒక్క కొడుకును పెంచి ఆవడి ఫ్యాక్టరీలో పనికి పంపింది. అంతకు మించి లోకానికి చెప్పుకునే పని ఏదీ చేయలేదు. కానీ నాకు ఈ పూట గొంతు ఉందంటే ఆమె వల్లే. మాటవరసకు అనడం లేదు, ఉన్నదే చెబుతున్నాను.

నేను తెలుగు పంతులమ్మను. మా బడిలో తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు కాబట్టి రెండు మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. మధ్యలో తడిక. తడికకు అవతల తమిళ పాఠం, ఆ పిల్లలు ఎక్కువ, వాళ్ల అరుపులూ ఎక్కువ. ఆ అరుపుల మీదుగా నా అక్షరాలు వినబడాలంటే గొంతు ఉండాలి. సుద్దముక్క లేకున్నా ఒక పూట గడుస్తుంది, గొంతు లేకుంటే గడవదు. అత్తకు చదువు రాదు గానీ ఇది మాత్రం బాగా తెలుసు. ఎవరైనా నా గురించి అడిగితే "మా కోడలు గొంతుతో బతికే మనిషి" అనేది.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చెంబెత్తి నోట్లోకి నీళ్లు పోసుకుంటున్నాను. అత్త మగ్గం గుంటలో కూర్చొని నేస్తోంది. ఉన్నట్టుండి మగ్గం చప్పుడు ఆగింది.

"మే, ఇంగొక గుక్క తాగు," అంది.

"ఏమత్తా?"

"తాగు చెబతా."

తాగాను.

"నీ గొంతులో ఏందో ఎక్కి దిగతా ఉండాదే. ఎన్నాళ్లనుంచి?"

నాకేం తెలుసు? అద్దంలో బొట్టు సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంటాం గానీ గొంతు ఎవరు చూసుకుంటారు? తడిమి చూసుకుంటే కుడి పక్కన రేగుపండంత గడ్డ, నొప్పి లేదు, వేలికి అందినట్టే అంది జారిపోతోంది. గుటక వేస్తే అదీ పైకి పోయి దిగుతోంది. ఆ రోజు అన్నం సహించలేదు.

ఊళ్లో డాక్టరు చూసి, గొంతు గ్రంథిలో గడ్డ అన్నాడు. మంచిదో చెడ్డదో పైనుంచి చెప్పలేము, కోసి తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది అన్నాడు. అప్పట్లో మా పక్క అందరూ చేసేది అదే, ఆయనను తప్పుపట్టేదేం లేదు. కానీ కోత అనగానే నాకు మా వీధిలో ఆకుకూరలు అమ్మే ఆమె గుర్తొచ్చింది. ఇట్లాంటి గడ్డకే ఆమెకు ఎక్కడో ఆపరేషన్ అయింది. గొంతు నరం ఆ గ్రంథిని ఆనుకునే ఉంటుందట, ఎంత జాగ్రత్తగా కోసినా ఒక్కోసారి దెబ్బ తింటుందట. ఒకప్పుడు వీధి మొదట్లో కేకేస్తే వీధి చివర తలుపులు తెరుచుకునేవి. ఇప్పుడు బుట్ట దించి రెండు చేతులతో చప్పట్లు కొడుతుంది. మాట్లాడితే గుసగుస తప్ప రాదు. నేను తడిక పక్కన నిలబడి చప్పట్లు కొట్టుకోవలసిందేనా అని భయం పట్టుకుంది.

మా ఆయన వారమంతా ఆవడిలో తోటివాళ్లతో కలిసి గదిలో ఉండి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. విన్న వెంటనే పట్నం తీసుకుపోయి కోయించేద్దాం అన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"చిక్కుపడిన నూలుకు ఎత్తినెత్తగానే కత్తెర పెడతారా యాడైనా? ఒక పోగు లాగి చూసేది గదరా ముందు! కోసేది కడాపట. లోపల ఏముండాదో చూసే దారి ఏదన్నా ఉండాదేమో నలుగుర్నీ అడుగు పో."

పోయి అడిగాడు. ఫ్యాక్టరీలో ఒకాయన చెల్లెలికి మెడ చుట్టూ గడ్డలు లేస్తే తిరువళ్లూరులో ఒక డాక్టరమ్మ సన్నసూది పెట్టి లోపలి పదార్థం కొంచెం లాగి, గాజు పలక మీద పూసి, భూతద్దంలో చూసి, ఇది గండమాల, టీబీ, మందులకే పోతుంది అని చెప్పిందట. కత్తి తగలకుండానే ఆ పిల్ల మెడ చదునైపోయిందట. ఆ డాక్టరమ్మ పట్నం నుంచి వారానికి ఒకసారి గురువారం వస్తుందట. మా ఆయన ఈ కబురు తెచ్చేసరికి వీధిలో అందరికీ పాకిపోయింది. గడ్డకు సూది పెడితే చెదిరిపోతుంది, చెదిరితే రాచపుండు అవుతుంది, చేతులారా తెచ్చుకుంటున్నారు అని వచ్చిన వాళ్లంతా హడలగొట్టారు. ఎదురింటామె అయితే అత్త చెయ్యి పట్టుకుని "వదినా, వద్దొదినా" అని ఏడ్చినంత పని చేసింది.

"సూదికి చెదిరిపొయ్యేది కత్తికి చెదరదా మే?" అంది అత్త.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొగుడు పోయిన మనిషి కాబట్టి అత్త నా తాళిని ఎప్పుడూ తాకేది కాదు. తాకకపోవడం ఒక్కటే కాదు, దాని దగ్గరికి కూడా వచ్చేది కాదు. తమిళ లెక్కలో ఆడి నెల పద్దెనిమిదో నాడు మా పక్క ముత్తైదువలంతా పసుపుతాడు మార్చుకుంటారు కదా, ఆ వేళకు పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి నూలు చుడుతూ కూర్చునేది. ఎదురింటామె వచ్చి నాకు కొత్త తాడు కట్టి పోయాక గానీ లోపలికి వచ్చేది కాదు. "ఇదేం చాదస్తం అత్తా" అని ఒకసారి విసుక్కున్నాను. "నీకు చాదస్తం. వాడు నాకు ఒక్కడే గదమ్మా," అంది.

మా ఆయనకు గురువారం షిఫ్టు. అత్తా నేనూ రైలెక్కి తిరువళ్లూరు పోయాం. మందుల షాపు మీద మిద్దె గది. బల్ల, దాని పక్కన మైక్రోస్కోపు, ఊదారంగు సీసాలు, గది నిండా స్పిరిట్ వాసన. డాక్టరమ్మకు నా వయసు కన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. నా వెనక నిలబడి మెడ తడిమింది, గ్లాసుతో నీళ్లిచ్చి తాగమని గడ్డ ఎక్కి దిగడం చూసింది. తమిళంలో మెల్లగా మాట్లాడింది. పడుకోబెట్టి భుజాల కింద దిండు పెడితే తల వెనక్కి వాలిపోయి గొంతు పైకి వచ్చింది. తాళి జారి సరిగ్గా గడ్డ మీద పడింది.

"తాలియ కొంజం కళట్టుంగమ్మా," అంది డాక్టరమ్మ. కొంచెంసేపు తీసిపెట్టమంది, అంతే.

చదువుకున్నదాన్నే. పిల్లలకు మూఢనమ్మకాల పాఠం కూడా చెబుతాను. అయినా నా చెయ్యి పైకి లేవలేదు. ఆమె బలవంతపెట్టలేదు, ఆమె మెళ్లోనూ తాళి ఉంది. తాడును పక్కకు లాగి ప్లాస్టర్ అంటించింది. పసుపు, చెమట, నూనె, ప్లాస్టర్ ఎట్లా నిలుస్తుంది? రెండుసార్లు ఊడి మళ్లీ గడ్డ మీదికే వచ్చింది. ఆమెకు ఒక చెయ్యి గడ్డను కదలకుండా పట్టుకోవడానికి కావాలి, ఇంకో చెయ్యి సూదికి. నర్సు రెండు చేతుల్లో గాజు పలకలు. గదిలో ఇంకెవరున్నారు? డాక్టరమ్మ తలెత్తి అత్త వైపు చూసింది. బొట్టు లేని ఆ ముఖం చూసి, ఏమీ అడగకుండా మళ్లీ ప్లాస్టర్ చింపుతోంది.

"ఉండమ్మా," అంది అత్త.

తల మళ్లీ వెనక్కి వాల్చేసరికి నాకు పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ కనబడటం లేదు. చెంగు చప్పుడు వినబడింది. చేతికి కొంగు చుట్టుకుని, ఆ గుడ్డతోనే తాడు పట్టుకుని పక్కకు లాగింది. నేత గుడ్డ, నూనె తాడు, పట్టు నిలవలేదు, జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కొంగు నా భుజం మీద నుంచి వెళ్లిపోయింది, ఆమె వట్టి చెయ్యి నా మెడకు తగిలింది. చల్లగా ఉంది. తాళి, తాడు అన్నీ కలిపి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఏమన్నా అయ్యేదుంటే నాకు కానీ సామీ," అంది. నాతో కాదు, డాక్టరమ్మతో కాదు.

రవికె హుక్కులు కుట్టే సూది అంత సన్నం అది. మత్తేమీ ఇవ్వలేదు. "ముళుంగాదీంగమ్మా," మింగొద్దంది డాక్టరమ్మ. మింగితే గడ్డతో పాటు సూదీ కదులుతుంది. మింగొద్దన్నప్పుడే నోట్లో ఎక్కడలేని నీళ్లూ ఊరుతాయి. ఇంక ఆగలేను అనిపించింది.

"మే, తెగిన పోగు అతికేటప్పుడు నేను ఊపిరి బిగబట్టేది చూసుండావు గదా? అట్ల ఉండు. మింగొద్దు. నేనూ మింగను."

సూది దిగింది. చీమ కుట్టినంత, ఆ తర్వాత లోపల ఏదో గీరినట్టు. నేను మింగలేదు. నా చెవి పక్కన ఆమె ఊపిరి కూడా వినబడలేదు.

సిరంజిలోకి బెల్లపు నీళ్ల రంగులో ఏదో వచ్చింది. వస్తూ వస్తూ ఉంటే గడ్డ తగ్గిపోయింది. లేచి కూర్చుని తడుముకుంటే ఏమీ లేదు. అత్త కళ్లు ఇంతయ్యాయి. "అంతేనా? పోయిందా?" అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి, నీళ్లు పోయాయి, తిత్తి ఉంది, ఆ నీళ్లలో ఏముందో చూస్తే గానీ చెప్పలేను అంది. ఒక బొట్టును పలక మీద వేసి ఇంకో పలకతో తమలపాకుకు సున్నం పూసినంత తేలిగ్గా ఒక్క లాగు లాగింది. ఒక పలకను సీసాలో ముంచింది, ఇంకోదాన్ని నర్సు గాలికి ఆరబెట్టింది. వచ్చే గురువారం రమ్మన్నారు.

మెట్లు దిగుతుంటే చూశాను, అత్త కుడి చెయ్యి ఇంకా గుప్పిటగానే ఉంది. వేళ్లు విప్పింది. అరచేతి నిండా పసుపు. వంటలో పసుపు రోజూ అంటుతుంది, కానీ ఇది అది కాదు. రైల్లో నా పక్కన కూర్చుని, "నేను పట్టుకున్నేది ఎవురికీ చెప్పొద్దు," అంది. సరేనన్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆమె ఏమీ అనుకోదని నా నమ్మకం.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకే తెలియాలి. నాకున్నది ఒక్క భయం, అత్తకు రెండు. ఆదివారం మా ఆయన వచ్చే బండి రాలేదు. లైను మీద ఏదో రిపేరు అన్నారు. మధ్యాహ్నం దాటింది, అన్నం చల్లారిపోయింది. అత్త వీధి చివర ఎండలో నిలబడింది, పిలిచినా రాలేదు. పొద్దు వాలుతుండగా ఆయన సంచి ఊపుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ఎండలో నిల్చోనుండావు?" అంటే "యాడ పోయినావురా ఇంతసేపు" అని ఒక్కటేసింది, పెళ్లయిన కొడుకును, వీధిలో! తర్వాత వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఎందుకో ఆయనకు ఈ రోజుకీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

గురువారం డాక్టరమ్మ మొదట అత్తనే పిలిచింది. చెడ్డదేమీ కనబడలేదమ్మా, ఒట్టి నీటి తిత్తి, కోత అక్కర్లేదు అంది. రంగు వేసిన పలకను మైక్రోస్కోపులో పెట్టి చూడమంది కూడా. అత్త వంగి చాలాసేపు చూసి, "ఏమీ కానరాలే. నా కంటి రెప్పలే కనబడతా ఉండాయి," అంది. అందరం నవ్వాం. వెళ్లేముందు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: ఇట్లాంటి తిత్తి మళ్లీ నిండవచ్చు, అప్పుడప్పుడూ నీళ్లు తాగించి గొంతు చూస్తూ ఉండండి, ఏమైనా ఎక్కి దిగినట్టు కనబడితే తీసుకురండి.

అప్పుడప్పుడూ అంది డాక్టరమ్మ. అత్తకు అది రోజూ అని వినబడిందో ఏమో.

మర్నాటి నుంచి బడికి బయలుదేరేముందు వాకిట్లో వెలుతురు పడే చోట నన్ను నిలబెట్టేది. తను తిన్నె మీద కూర్చునేది. "తాగు." చెంబెత్తి తాగేదాన్ని. కళ్లార్పకుండా గొంతు చూసి, "ఊఁ, సరి. పో," అనేది. అప్పుడు గానీ గడప దాటడానికి వీల్లేదు. కొన్నాళ్లకు తిత్తి నిజంగానే మళ్లీ నిండింది, ముందు కనిపెట్టింది ఆమే. మళ్లీ తిరువళ్లూరు, మళ్లీ సూది. ఈసారి డాక్టరమ్మ ప్లాస్టర్ వెతకలేదు. అత్త కొంగు చుట్టుకోలేదు. నేను పడుకోగానే వచ్చి గుప్పిట్లో పట్టుకుంది. ఆ తర్వాత ఆ గడ్డ మళ్లీ రాలేదు.

గడ్డ రాలేదని నీళ్లు ఆగలేదు. వానైనా, పండగైనా, చుట్టాలున్నా అంతే. "ఏమ్మా, దాని గొంతేమన్నా సినిమానా, దినామూ చూస్తావు?" అని మా ఆయన ఆటపట్టించేవాడు. "నీ గొంతులో చూసేదానికి ఏముండాది, గుటక తప్ప" అని తిట్టేది. మేమిద్దరం పోట్లాడుకోలేదని అనను, బాగానే పోట్లాడుకున్నాం. పప్పులో ఉప్పు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయేది. మాటలు లేని రోజుల్లో కూడా చెంబు తిన్నె మీద సిద్ధంగా ఉండేది. ఆ రోజుల్లో "సరి, పో" అనేది కాదు, నా భుజం పట్టుకుని వీధి వైపు తోసేది. రెండూ ఒకటేనని నాకు తెలుసు.

మగ్గం మీద పెట్టిన కళ్లు చివరికి మసకబారాయి. గొంతు కనబడటం లేదని నాతో అనలేదు. ఒకరోజు నేను చెంబెత్తగానే ఆమె రెండు వేళ్లు వచ్చి నా గొంతు మీద ఆనాయి. "మింగు," అంది. మింగాను. వేళ్ల కింద నుంచి గుటక ఎక్కి దిగింది. "ఊఁ, సరి. పో." అప్పటి నుంచి వేళ్లే. నూలు కొసల మీద అరిగిన వేళ్లు, గరుకుగా ఉండేవి. గడప దాటి వీధి మలుపు తిరిగే వరకూ ఆ రెండు చోట్లా చల్లగా తెలిసేది.

పోయిన నెల పక్షవాతం వచ్చి పడిపోయింది. కుడి చెయ్యి, మాట పోయాయి. గుటక పడటం కష్టమైంది. నీళ్లు దారి తప్పి పొరబోతాయి, చెంచాతో పెదాలు తడపండి చాలు అన్నారు డాక్టర్లు. రోజూ బడికి పోయేముందు ఆమె పక్కన కూర్చుని చెంబెత్తి తాగేదాన్ని. పడిపోయిన ఆ చేతిని నేనే ఎత్తి, ఆ రెండు వేళ్లూ నా గొంతు మీద పెట్టుకునేదాన్ని. "సరి" లేదు, "పో" లేదు. కళ్లు మాత్రం ఒకసారి మూసి తెరిచేది. దాంతోనే పోయి పాఠం చెప్పి వచ్చేదాన్ని.

ఆ మంగళవారం ఆమె ఊపిరి మారింది. మా ఆయన వాళ్లమ్మ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను చెంచాతో నీళ్లు పోశాను. నా రెండు వేళ్లూ ఆమె గొంతు మీద పెట్టాను.

"మింగత్తా," అన్నాను. "ఒక్క గుటక. మింగు."

నీళ్లు పెదాల పక్క నుంచి కారి దిండు మీద పడ్డాయి. వేళ్ల కింద ఏదీ కదలలేదు. నేను వేళ్లు తీయలేదు. ఆయన "చాల్లేమే, అమ్మ పోయింది," అన్నాక కూడా కాసేపు తీయలేదు.

కర్మలన్నీ అయిపోయాయి. ఈ రోజు మళ్లీ బడి. ఎప్పటిలాగే స్నానం చేసి, సంచి భుజాన వేసుకుని, వాకిట్లో వెలుతురు పడే చోటికి వచ్చాను. చెంబు నేనే పెట్టుకున్నానో, ఇంకెవరు పెట్టారో, తిన్నె మీద ఉంది. ఎత్తి తాగాను. గుటక దిగింది. అడ్డం ఏమీ లేదు. ఆయన లోపలి నుంచి "బడికి టైమయింది, ఇంకా పోలేదా?" అని అడిగాడు. వినబడింది. పోలేదు. సరి, పో అనే మాట ఇంకా రాలేదు కదా అని, గొంతు పైకెత్తి అట్లాగే నిలబడి ఉన్నాను.